పాకములోని పాఠములు: పిల్లలకు మిఠాయిలతో శాస్త్రవినోదములు

పిల్లలకు శాస్త్రము నేర్పవలెనన్న గాజుబుడ్లును, దీపములును, త్రాసులును గల ప్రయోగశాల యుండవలెనని మనలో పెక్కండ్రు తలంతురు. అది పాఠశాలవారి పని యనియు, మనకు సంబంధించినది పిల్లల యాకలి మాత్రమే యనియు ఊరకుందురు. కాని పాకము పట్టుట యెఱిగిన యిల్లాలికి ద్రవ్యముల స్వభావము కొంత తెలియకపోదు. అరిసెల పాకము నెప్పుడు దింపవలెనో, వేరుసెనగ పప్పుచెక్కకు పాక మెంతవఱకు ముదురవలెనో ఆమె గడియారము చూచి చెప్పదు. గిన్నెలోని చల్లనీటిలో నొక బొట్టు విడిచి, వ్రేళ్ళతో పట్టి చూచి చెప్పును. పరీక్షించి నిశ్చయించుటయే శాస్త్రమైనచో ఆమె చేయునది శాస్త్రము గాక మఱేమి? మనకు తెలియనిది ఆ పరీక్షకు గల కారణము మాత్రమే. దానిని పిల్లలతో గూడ కూర్చుండి తెలిసికొనుటకు పంచదారయు, అంగడిలో దొరకు నాలుగు బిళ్ళలును చాలును. (మా కోస్తా వారు పంచదార యందురు, రాయలసీమ తెలంగాణముల వారు చక్కెర యందురు, తీపి యొక్కటే గనుక పేరునకై తగవు వలదు.)

చెఱకురసమును పలుకులుగా చేయు విద్యకు మన దేశమే పుట్టినిల్లు. శర్కర యనగా మొదట గులకఱాయి, ఇసుక పలుకు. ఆ మాటయే పారసీకమునకు, అరబ్బునకు పోయి, అటనుండి ఐరోపా వారి షుగరైనది. ఖండ మనగా ముక్క. అది వారి నోట క్యాండీ యైనది. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర యని చెఱకుతీపిలో నిన్ని తెగలు చెప్పబడినవి. పిల్లవాడు "క్యాండీ కావలె" నని మారాము చేయునపుడు వాడు సంస్కృతమే మాటలాడుచున్నాడని చెప్పి నవ్వింపవచ్చును.

ప్రయోగములకు ముందు రెండు కట్టుబాట్లు. పొయ్యి దగ్గఱి పని యావత్తును పెద్దవారిదే. మరుగు నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గలదైనచో, గట్టిపాకము 150 డిగ్రీల వఱకు పోవును. పైగా నది నీటివలె జాఱిపోక చర్మమునకు అంటుకొని యుండును. కాలినచో వెంటనే కుళాయి క్రింద పాఱు నీటిలో ఇరువది నిమిషములు ఉంచవలెను. పసుపు, వెన్న, పండ్లపొడి ముద్ద మున్నగునవి పూయరాదు. ఇక నాలుగేండ్లు నిండని శిశువుల చేతికి గట్టి బిళ్ళ లీయరాదు. అవి గొంతున అడ్డుపడి ప్రాణాపాయము తెచ్చును. అక్క ప్రయోగము చేయుచుండగా తమ్ముడు బల్ల క్రింద చేరి బిళ్ళలు ఏరుకొనుట యే యింట లేదు? కావున లెక్కపెట్టి పెట్టుకొనవలెను.

మొదటినాడు మొదలిడవలసినది పటికబెల్లము, ఏలయన నది పండుటకు వారము పది దినములు పట్టును. ఒక గ్లాసు నీటిలో మూడు గ్లాసుల పంచదార పోసి కరగువఱకు కాచవలెను. చల్లనీటిలో నింత పంచదార కరగదని పిల్లలచేతనే ముందుగా నొక చిన్నగిన్నెలో కలిపించి చూపినచో మంచిది. ఎంత కలిపినను అడుగున మిగిలిపోవును. 100 గ్రాముల నీరు 20 డిగ్రీల వేడిలో సుమారు 200 గ్రాముల పంచదారను కరగించుకొనగా, మరుగు వేడిలో 480 గ్రాములకు పైగా కరగించుకొనును. కాచిన పాకము చల్లాఱినప్పుడు నీటికి తన శక్తికి మించిన బరువు మీద పడినట్లగును. అది దించుకొనుటకు చోటు వెదకును. ఆ చోటు మనము చూపవలెను. ఒక నూలుదారమును పాకములో తడిపి, పంచదారలో దొర్లించి, ఎండనిచ్చి, ఒక పుల్లకు కట్టి, చల్లాఱిన పాకముగల గాజుగ్లాసులో అడుగు తగులకుండ వ్రేలాడదీయవలెను. దారము నంటిన పలుకులే విత్తనములు. నీటినుండి వెలువడు పంచదార వాని మీదనే వరుసగా చేరి, అంచులును, నున్నని ముఖములును గల స్ఫటికములుగా పెరుగును. అంగడిలో కొన్న పటికబెల్లపు తునకలో అప్పుడప్పుడు దారము కానవచ్చుటకు కారణ మిదియే. గ్లాసుపై పలుచని గుడ్డ కప్పి, కదపక, చీమలు చేరకుండ నీరుపోసిన పళ్ళెములో నుంచవలెను. కదపకుండుట పిల్లలకు కష్టము. కాని దినమున కొకతూరి చూచి ఎంత పెరిగెనో బొమ్మ గీయుమన్నచో ఆ చాపల్యము కొంత తీరును.

ఆ పది దినములలోను మిగిలిన వినోదములు జరుపుకొనవచ్చును.

పాకమును గూర్చి ముందు చెప్పుదును. పంచదార నీటిని పొయ్యిపై నుంచినచో నీరు ఆవిరియై పోవుచుండును, పంచదార పోదు. నీరు తగ్గిన కొలదియు మరుగుటకు వలసిన వేడి హెచ్చును. తీగసాగునప్పటికి 106 మొదలు 112 డిగ్రీల వఱకును, నీటిలో మెత్తని యుండ కట్టునప్పటికి 115 డిగ్రీల ప్రాంతమునను, పళ్ళెమున వేసిన ఠంగుమని మ్రోగునప్పటికి 150 డిగ్రీల ప్రాంతమునను ఉండును. అనగా మన తల్లులు వ్రేళ్ళతో పట్టి చూచినది పాకములో మిగిలిన నీటి పరిమాణమును! మిఠాయి ఉష్ణమాపక మొకటి కొనగలిగినచో, తల్లి వ్రేలి పరీక్షయు, పిల్లవాని అంకెయు నెంతవఱకు సరిపోవునో పోల్చి చూచుట మిక్కిలి వేడుక. వ్రేలు తఱచుగా గెలుచును.

ఇంతకంటె చక్కనిది ఒకే పాకమునకు రెండు గతులు కల్పించి చూపుట. సంక్రాంతికిని, సీమంతములకును కొయ్యఅచ్చులలో పోయు పంచదార చిలుకలను గుర్తు తెచ్చుకొనుడు. అవి తెల్లగా, లోచూపు పాఱకుండ ఉండును. అంగడి నిమ్మబిళ్ళయు పంచదారయే. కాని అది గాజువలె తేటగా ఉండును. ఈ భేద మెట్లు వచ్చెను? పాకమును దింపి గరిటెతో రుద్దుచు కలియబెట్టినచో లెక్కలేనన్ని సన్నపలుకులు ఒక్కుమ్మడి పుట్టును. వెలుతురు వాని ముఖములకు తగిలి నలుదెసల చెదరుటచే తెలుపు కలుగును. అదే చిలుక. కలుపక, కాచునప్పుడే అరచెంచా నిమ్మరసము పిండి, గట్టిపాకము వచ్చినంతనే నేయి రాచిన పళ్ళెమున పోసినచో పలుకులు కట్టు వ్యవధి లేక యట్లే గడ్డకట్టును. అదే బిళ్ళ. ఇందు నిమ్మరసము చేయు ఉపకారము గొప్పది. పుల్లదనము చేత పంచదారలో కొంత భాగము గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు తీపులుగా చీలును. ఈ అన్యులు నడుమ నిలిచియుండగా పంచదార కణములు వరుస తీరలేవు. పాకము పలుకు కట్టకుండ నిమ్మచెక్క పిండుమని మన పెద్దలు చెప్పుట యిందులకే. మురికి పోవుటకు పాకములో పాలు పోయుదురే, అదియు చెప్పదగినదే: పాలలోని మాంసకృత్తులు విఱిగి తేలుచు, మట్టిని తమతో లాగుకొని తెట్టుగా పైకి వచ్చును. పిల్లలు ఆ తెట్టు తీయుటకు పోటీపడుదురు. గరిటె మాత్రము మీ చేతనే యుండనిండు.

పులుపును కనిపెట్టు వినోదము వేడిలేనిది గనుక చిన్నవారికి తగినది. మంగళహారతికిని, దిష్టి తీయుటకును పసుపునీటిలో సున్నము కలిపి ఎఱ్ఱనీళ్ళు చేయుట మన కలవాటేగదా. పసుపు క్షారమును తాకిన ఎఱ్ఱనగును. ఆమ్లమును తాకిన మరల పచ్చనగును. బియ్యపుగింజంత సున్నమును మీరే కలిపి (సున్నము కంటికి చాల ప్రమాదకరము) మూడు చిన్నగిన్నెలలో ఎఱ్ఱనీళ్ళు పోయుడు. వేఱువేఱుగా నిమ్మబిళ్ళ, చింతపండు బిళ్ళ, పిప్పరమెంటు బిళ్ళ దంచి, కొద్ది నీటిలో కరగించి, చెంచాతో బొట్లు బొట్లుగా వేయింపుడు. పుల్లబిళ్ళల నీరు పడిన గిన్నెలలో ఎఱుపు విఱిగి పసుపు తేలును. పిప్పరమెంటు గిన్నె యట్లే యుండును. ఆ పుల్లని నీటిలోనే చిటికెడు తినుసోడా వేసినచో బుసబుసమని నురుగు లేచును. అది బొగ్గుపులుసు వాయువు. ఏ బిళ్ళ ఎఱ్ఱనీటిని మార్చినదో అదియే నురుగు లేపుననియు, మార్చనిది లేపదనియు పిల్లలు తామే కనిపెట్టవలెను; మనము ముందుగా చెప్పివేయుట అన్యాయము. పాయసములో బెల్లమును పొయ్యి దింపిన పిదప వేయుమని అత్తగారు ఏల చెప్పునో కూడ ఈ సందర్భముననే అడుగవచ్చును. బెల్లములోని పులుపు మరుగుచున్న పాలను విఱుచును. చల్లారినచో అంతగా విఱువదు.

ఇక రంగుల మాట. భోజనానంతరము నమలు రంగు సోంపును గాని, పైన రంగు పూసిన బిళ్ళలను గాని తెల్లని పళ్ళెపు టంచున ఒక్కొక రంగు నొక్కొక చోట పేర్చి, నడుమ గోరువెచ్చని నీటిని మెల్లగా పోయవలెను. నీరు బిళ్ళలను తాకిన కొలది నిముషములలో రంగులు కిరణములవలె మధ్యకు సాగివచ్చును. వింత యేమనగా, ఎఱుపును పసుపును ఎదురుపడిన చోట కలిసిపోక, గీత గీచినట్లు కొంతసేపు నిలుచును. బిళ్ళ పైనుండి కరగిన పంచదార రంగునీటిని బరువెక్కించును. ఆ బరువైన నీరు పళ్ళెపు అడుగున ప్రాకి వచ్చును. ఇరుప్రక్కల బరువు సమానమగుటచే ఒకదానిని మఱొకటి త్రోయజాలదు. పళ్ళె మించుక కదిపినచో అంతయు కలిసిపోవును.

అంట్లపళ్ళెము చెంత నిలిచి పుట్టిన శాస్త్రము గూర్చి యిచ్చట చెప్పకుండలేను. జర్మనీ దేశమున బ్రౌన్‌ష్వైగు పట్టణమున ఆగ్నెస్ పోకెల్స్ (1862–1935) అను నామె యుండెను. భౌతికశాస్త్రము చదువవలెనని యామె కోరిక. కాని ఆ కాలమున అక్కడి విద్యాలయముల తలుపులు స్త్రీలకు తెఱువబడలేదు. తమ్ముడు ఫ్రీడ్రిహ్ చదువుకొని ఆచార్యుడాయెను. ఆమె యింటనుండి తల్లిదండ్రుల కుపచారము చేయుచు, గిన్నెలు కడుగు నీటిపై జిడ్డును సబ్బును పడినపుడు నీటిపొర యేమగునో పరిశీలించి, తన చేతితో నొక తొట్టిని కల్పించి కొలతలు తీసెను. 1891లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువునకు ఆ సంగతులు జాబుగా వ్రాయగా, ఆయన దానిని నేచర్ పత్రికకు పంపి ప్రకటింపజేసెను. 1932లో ఆ పట్టణపు విద్యాలయమే యామెకు గౌరవ డాక్టరు బిరుద మిచ్చెను. మన యింట ప్రయోగము చేయునది కొడుకును, పిదప గిన్నెలు తోమునది కూతురును అగుచున్న పక్షమున ఆగ్నెస్ కథ నిద్దఱికిని చెప్పుడు. పళ్ళెము నిండ తేటనీరు పోసి, మిరియపుపొడి చల్లి, సబ్బు తాకిన వ్రేలిని నడుమ ముంచుమనుడు. పొడి యంతయు అంచులకు పరుగెత్తును. సబ్బు తగిలినచోట నీటిపొర బిగువు సడలుటయే దానికి కారణము. ఆమె కొలిచినది అట్టి బిగువునే.

రంగులను విడదీయుటకు మఱొక విధము గలదు. అద్దుడుకాగితమును రెండువ్రేళ్ళ వెడల్పు ముక్కగా కత్తిరించి, ఆకుపచ్చ బిళ్ళపై రెండు నీటిబొట్లు వేసి ఆ రంగును పుల్లతో తీసి, కాగితపు టంచున కంగుళము పైన చుక్కగా పెట్టి, ఆరిన తరువాత మరల మరల పెట్టి చిక్కగా చేయవలెను. పిదప అంచు మాత్రము మునుగునట్లు చిటికెడు ఉప్పు కలిపిన నీటిలో నిలుపవలెను. నీరు కాగితము వెంట పైకి ప్రాకుచు రంగును మోసికొనిపోవును. ఒక రంగు కాగితమును గట్టిగా పట్టుకొని వెనుకబడును. మఱొకటి నీటితో ముందు పోవును. ఆకుపచ్చ యనుకొన్నది పెక్కుసారులు నీలమును పసుపునుగా విడిపోవును. రష్యా దేశీయుడు త్స్వెత్ యిరువదవ శతాబ్దపు తొలియేండ్లలో ఆకుల రంగులను విడదీసిన పద్ధతికి ఇది తమ్ముడు వంటిది.

ఈ ప్రయోగము చేసిన పిల్లవాడు "తిన్న రంగులు మంచివేనా?" యని అడుగక మానడు. అడుగవలసినదే. మన దేశమున ఆహారమున వాడుటకు చట్టము ఒప్పుకొన్న కృత్రిమపు రంగులు ఎనిమిది మాత్రమే; అవియు కొన్ని పదార్థములలోనే, పరిమితముగనే. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వములు పీచుమిఠాయి అమ్మకమును నిషేధించినవి. అందు రోడమిన్-బి యను రంగు కనబడుటయే కారణము. అది గుడ్డలకును కాగితములకును వేయు రంగు. తినుటకు ఒప్పుకొన్న వానిలో లేదు. మన అద్దుడుకాగితము రంగులు ఎన్ని కలిసినవో చెప్పును గాని, అవి తినదగినవో కావో చెప్పజాలదు. కాగితముపై రంగు చక్కగా విడిపోయినదని ధైర్యపడరాదు, విడిపోలేదని భయపడనుగూడదు. దానికి ప్రభుత్వపు ఆహారపరీక్షాశాల యుండవలెను. మన చేతిలో నున్నది పొట్లముపై అచ్చువేసిన రంగుల పేర్లు చదువుట, పేరును ఊరును లేని పొట్లమును కొనకుండుట. చదువనేర్చిన పిల్లలచేతనే ఆ సన్నపు అక్షరములను చదివింపుడు. అంగడివాని ముందు వారి గొంతు మనకంటె గట్టిగా వినబడును.

పీచుమిఠాయి మాత్రము తనంతట దోషము లేనిది. కరగిన పంచదారను సన్నని రంధ్రములగుండ విసరగా, గాలిలో వెంటనే చల్లబడి పలుకు కట్టలేని గాజుదారమగును. ముసురు దినమున అది గాలిలోని తేమ పీల్చి ముద్దయై పోవుటను పిల్లలకు చూపుడు. ఆ యంత్రమును కల్పించిన యిద్దఱిలో నొకడైన విలియం మోరిసన్ అమెరికా దేశపు దంతవైద్యుడు! 1904లో సెయింట్ లూయీ ప్రదర్శనమున దానిని జనులు ఎగబడి కొనిరి. ఆయన వైద్యమునకు దానివలన గిరాకి యెంత పెరిగెనో మనమే ఊహించుకొనవలెను.

పిప్పరమెంటు బిళ్ళను చప్పరించిన పిదప నీరు త్రాగినచో మంచునీటివలె తోచును. ఒకే కుండనీటిని రెండు గ్లాసులలో పోసి, ఉష్ణమాపకముతో సమానమని చూపి, ఒకటి బిళ్ళకు ముందును ఒకటి తరువాతను త్రాగింపుడు. నీరు మాఱలేదు, నోరే మోసపోయినది. చలిని తెలిసికొను నాడుల కొనలయందు ద్వారమువంటి దొకటి గలదు. చలికి తెఱచుకొనవలసిన యా ద్వారమును పిప్పరమెంటులోని మెంథాల్ అను ద్రవ్యము వేడినాడు కూడ తెఱచును. మిరపకాయ యట్లే వేడిద్వారమును తెఱచుటచే మంట యనుచున్నాము. ఈ ద్వారములను కనిపెట్టిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటాపూటియన్ అను వారికి 2021లో నోబెలు బహుమాన మీయబడెను.

ఇంతలో పదవనాడు వచ్చును. దారమును మెల్లగా తీసి, చల్లనీటిలో ఒక్కసారి ముంచి, గుడ్డపై ఆరనిండు. బాగుగా ఎండిన పిమ్మట నాలుగు పెద్ద పలుకులను తీసి దళసరి పారదర్శకపు సంచిలో వేసి మూతి కట్టుడు; ముక్కలు కంట బడకుండుటకై యీ జాగ్రత్త. అమావాస్యనాటి రాత్రి, దీపము లన్నియు ఆర్పి, కిటికీలు మూసి, పది నిముషములు చీకటికి కన్నులు అలవాటు పడువఱకు కథ యేదైన చెప్పుచుండుడు. పిదప సంచిని రాతిపై పెట్టి పొత్రముతో గట్టిగా నలుపుడు. పటికబెల్లము విఱిగిన చోటులందు మిణుగురుకంటె సన్నని నీలపు తళుకు క్షణమాత్రము మెఱయును. 1620 నాటికే ఆంగ్లదేశపు బేకన్ పండితుడు ఈ సంగతిని గ్రంథస్థము చేసెను. స్ఫటికము చీలునపుడు ఇరుప్రక్కల విద్యుత్తు వేఱుపడి, నడుమనున్న గాలిలోని నత్రజనిని తాకి వెలిగించును. ఆకాశమున మెఱుపునకును ఇట్టి వెలుగే. అది మిక్కిలి మందమైన కాంతి గనుక మొదటి దెబ్బకు అందఱికిని కనబడదు. మఱి రెండు పలుకులు మిగిల్చి యుంచుకొనుడు. చూచిన పిదప దీపము వెలిగించి, సంచిలోని ముక్కలను పంచి, అందఱచేతను నోరు పుక్కిలింపజేసి పడుకొనబెట్టుడు.